రాణీఖేత్‌లోని కుమావోన్ రెజిమెంటు మ్యూజియం: హైదరాబాద్ వారు తప్పక చూడవలసిన చోటు

ఉత్తరాఖండ్‌లోని అల్మోడా జిల్లాలో, సముద్రమట్టానికి 1,800 మీటర్లకు పైగా ఎత్తున, దేవదారు, పైన్ చెట్ల మధ్య విస్తరించిన రాణీఖేత్ 1869లో బ్రిటిష్ వారు ఏర్పాటు చేసిన కంటోన్మెంటు. 1948 నుంచి అది కుమావోన్ రెజిమెంటుకు కేంద్రస్థానం. పర్యాటకులు ఇక్కడికి నందాదేవి, త్రిశూల్ శిఖరాలను చూడడానికి, గోల్ఫ్ మైదానం దగ్గర ఫోటోలు దిగడానికి, చౌబటియా పండ్ల తోటల్లో తిరగడానికి, ఝూలాదేవి గుడిలో గంట కట్టడానికి వస్తారు. రెజిమెంటు మ్యూజియం వారి జాబితాలో చివరన ఉంటుంది, వాన పడితేనో, సమయం మిగిలితేనో గుర్తుకు వస్తుంది. తెలుగువారికి, అందులోనూ హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల వారికి, ఈ ఊళ్ళో మొదట చూడవలసినది అదేనని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ రెజిమెంటు పేరు 1945 అక్టోబరు 27 దాకా హైదరాబాద్ రెజిమెంటు.

ఈ సంగతి తెలియకుండా లోపలికి వెళ్ళినవారికి ఇది కూడా మిగతా సైనిక ప్రదర్శనశాలల వంటిదే అనిపించవచ్చు. యూనిఫారాలు, పతకాలు, పాత తుపాకులు, శత్రువుల నుంచి పట్టుకున్న జెండాలు, యుద్ధ ఛాయాచిత్రాలు, పరమవీరచక్ర గ్రహీతల చిత్రపటాలు ఇలాంటి ఏ చోటనైనా ఉంటాయి. తెలిసి వెళ్ళినవారికి మాత్రం ఒక్కొక్క వస్తువు వెనుక బొలారం, బేరార్ (నేటి మహారాష్ట్ర విదర్భలో ఒక భాగం), నిజాం ఖజానా కనిపించడం మొదలవుతుంది. కాబట్టి ఈ సమీక్షలో గోడల మీద ఏముందో చెప్పడంతో పాటు, వాటి ముందు నిలబడేసరికి ఏమి తెలిసి ఉంటే బాగుంటుందో కూడా కొంత వివరంగా చెప్తాను.

ముందుగా రెజిమెంటు చిహ్నాన్ని చూడండి. మ్యూజియంలోనే కాదు, కంటోన్మెంటులో ద్వారాల మీద, పలకల మీద, జవాన్ల టోపీల మీద అదే కనిపిస్తుంది కాబట్టి వెతుక్కోనక్కరలేదు. నడుము పైభాగం మాత్రమే ఉన్న ఒక సింహం ముందరి కాళ్ళెత్తి, పంజాలతో ఒక శిలువను పట్టుకుని ఉంటుంది. కింద సంస్కృతంలో ‘పరాక్రమో విజయతే’ అన్న నినాదం. కుమావోన్ కొండల్లో కాళికామాతకు, బజరంగబలికి జై కొట్టే సైనికుల టోపీ మీదికి శిలువ పట్టుకున్న సింహం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న చాలామందికి తోచదు. అది హెన్రీ రస్సెల్ అనే ఇంగ్లీషు దొర వంశచిహ్నం. రస్సెల్ 1811 నుంచి 1820 వరకు హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి. ఒకప్పటి కోఠి మహిళా కళాశాల, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉన్న రెసిడెన్సీ భవనంలో కూర్చుని, నిజాం సొమ్ముతో 1813లో ఆయన కట్టిన పటాలమే రస్సెల్ బ్రిగేడ్. ఆ బ్రిగేడే ఈ రెజిమెంటుకు మూలాల్లో ఒకటి. రెండు వందల సంవత్సరాలు దాటినా, పేరు మారినా, దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా, ఆ సింహం టోపీ దిగలేదు. సైన్యాలు పేర్లు మార్చుకున్నంత సులభంగా గుర్తులు మార్చుకోవు.

ఆ పటాలం ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే మన ప్రాంత చరిత్రలో ఒక పెద్ద ముడి విడిపోతుంది. 1800 నాటి ఒప్పందంలో నిజాం రెండు రకాల సైనిక భారాలను తలకెత్తుకున్నాడు. మొదటిది కంపెనీ వారి సబ్సిడరీ సైన్యం. దాని ఖర్చు కింద ఆయన వదులుకున్న జిల్లాలే మన దత్తమండలాలు, అంటే నేటి రాయలసీమలో అధిక భాగం, దానితో పాటు బళ్ళారి. రెండవది, యుద్ధం వస్తే 6,000 కాల్బలాన్ని, 9,000 అశ్వదళాన్ని సహాయంగా పంపుతానన్న హామీ. నిజాం సొంత సైన్యం నాణ్యత చాలదని చెప్పి, ఆ రెండవ హామీని సాకుగా తీసుకుని, కంపెనీ అధికారులే శిక్షణ ఇచ్చి, వారే నడిపే కొత్త పటాలాలను ఆయన ఖర్చుతో తయారు చేయించారు. జీతాలు ఇవ్వడానికి ఖజానాలో సొమ్ము లేకపోతే నిజాం మంత్రి చందూలాల్ పామర్ కంపెనీ అనే ప్రైవేటు వడ్డీ వ్యాపార సంస్థ దగ్గర అధిక వడ్డీకి అప్పు తెచ్చేవాడు. ఆ అప్పుల వ్యవహారం ఎంత ముదిరిందంటే, రస్సెల్ తరువాత రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ దాన్ని బయటికి లాగవలసి వచ్చింది. చివరకు 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో ఈ సైన్యం ఖర్చు బాకీల కింద నిజాం బేరార్ ప్రాంతాన్ని కంపెనీ పాలనకు అప్పగించాడు. అప్పటి నుంచే ఆ పటాలాలకు హైదరాబాద్ కంటింజెంట్ అన్న పేరు స్థిరపడింది. ఒక సైన్యానికి రాయలసీమ, ఇంకొక సైన్యానికి బేరార్ పోయాయన్న మాట. రాణీఖేత్‌లో ఉన్నది ఆ రెండవ సైన్యపు వారసత్వం.

ఈ కంటింజెంట్ ముఖ్య స్థావరం బొలారం. రాష్ట్రపతి నిలయం వల్ల ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ ప్రాంతం అప్పట్లో ఈ పటాలాల అధికారుల బంగళాలతో, కవాతు మైదానాలతో నిండి ఉండేది. అయితే పేరు చూసి పొరపడకూడదు. పేరు హైదరాబాద్‌ది, జీతం హైదరాబాద్ రైతు కట్టిన శిస్తులోది, కానీ సిపాయిల్లో ఎక్కువమంది ఉత్తర హిందుస్థానం నుంచి వచ్చినవారు. తెలుగు సిపాయిలు ఎక్కువగా చేరినది మద్రాసు సైన్యంలో. అందువల్ల ఈ మ్యూజియంలో తెలుగు పేర్ల కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. వెతకవలసినవి ఊళ్ళ పేర్లు, యుద్ధాల పేర్లు.

ఈ పటాలాలు సంపాదించిన తొలి యుద్ధగౌరవాలు చూడండి: మహిద్‌పూర్, నౌవా, నాగపూర్, సెంట్రల్ ఇండియా. యుద్ధగౌరవం అంటే ఒక పటాలం ఒక యుద్ధంలో చేసిన సేవకు గుర్తింపుగా ఆ స్థలం పేరును తన జెండా మీద ధరించే హక్కు. మహిద్‌పూర్ యుద్ధం 1817 డిసెంబరు 21న మరాఠా పాలకుడు హోల్కర్ సైన్యంతో జరిగింది. ఆ ఊరు ఉజ్జయినికి దగ్గర. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయ కథ గుర్తున్నవారికి ఇక్కడ చిన్న ఆశ్చర్యం కలుగుతుంది. దండులో డోలీ మోసే సురిటి అప్పయ్య అనే వ్యక్తి 1813లో ఉజ్జయినికి వెళ్ళి, అక్కడ కలరా సమయంలో మొక్కుకుని, తిరిగి వచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడని మనవాళ్ళు చెప్పుకుంటారు. లష్కర్ బోనాలు అన్న పేరులోని లష్కర్ ఆ దండే. ఆయన ఏ పటాలంతో వెళ్ళాడన్నది వేరే చర్చ కానీ, మన ఊరి దండులు మాళవ దాకా నడిచిన ఆ కాలం నుంచే ఈ మ్యూజియం కథ కూడా మొదలవుతుంది. నౌవా మాత్రం దూరపు ఊరు కాదు, నాటి నిజాం రాజ్యంలోని నాందేడ్ వైపు ఉన్న కోట. 1819లో నిజాం తరఫున దాన్ని ముట్టడించి పట్టుకున్నారు.

‘సెంట్రల్ ఇండియా’ అన్న నాలుగవ గౌరవం దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. ఈ మ్యూజియం గురించి విన్నవారందరూ మొదట అడిగే వస్తువు ఝాన్సీ రాణిదిగా చూపే వెండి రాజదండం. పర్యాటక కరపత్రాలన్నీ దాన్నే ముందు పెడతాయి. రాణి లక్ష్మీబాయి పేరు వినగానే సందర్శకులు చేతులు జోడిస్తారు, పిల్లలకు చూపిస్తారు. అది సహజమే. కానీ ఆ దండం ఈ రెజిమెంటు దగ్గర ఎందుకుందన్న ప్రశ్న వేసుకుంటే గర్వం కొంచెం తడబడుతుంది. 1858 మార్చి, ఏప్రిల్ నెలల్లో సర్ హ్యూ రోజ్ నాయకత్వాన ఝాన్సీ కోటను ముట్టడించిన సెంట్రల్ ఇండియా ఫీల్డ్ ఫోర్స్‌లో హైదరాబాద్ కంటింజెంట్ పటాలాలు ముఖ్య భాగం. అంటే ఈ రెజిమెంటు పూర్వీకులు రాణి పక్కన కాదు, రాణికి ఎదురుగా నిలబడినవారు. 1857లో ఉత్తర భారతంలోని పటాలాలు ఒకదాని తరువాత ఒకటి తిరగబడుతుంటే, నిజాం, ఆయన మంత్రి సాలార్‌జంగ్ కంపెనీ పక్షాన గట్టిగా నిలబడడం వల్ల దక్కను బ్రిటిష్ వారి చేయి దాటిపోలేదు. ఆ నిర్ణయానికి గుర్తుగా మిగిలిన వస్తువుల్లో ఈ వెండి దండాన్ని కూడా చేర్చుకోవాలి. నేటి భారత సైన్యపు రెజిమెంటు దాన్ని గౌరవంతో భద్రపరచడం ఎంత నిజమో, అది చేరిన దారి ఓడినవారి ఇంటి నుంచి గెలిచినవారి ఇంటికి అన్నది కూడా అంతే నిజం. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకుని చూడగలిగితే, ప్రదర్శనశాలలో ఇంతకంటే విలువైన వస్తువు లేదు. అలా కాకుండా కేవలం దేశభక్తి చిహ్నంగా చూసి ముందుకు వెళ్ళిపోతే సగమే చూసినట్టు.

ఇక్కడ రెజిమెంటు మ్యూజియాల స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. ఇవి చరిత్ర పరిశోధకుల కోసం పెట్టినవి కావు, పర్యాటకుల కోసం అసలే కావు. కొత్తగా చేరిన రంగరూటుకు ‘నీకు ముందు ఈ టోపీ పెట్టుకున్నవారు వీరు’ అని చూపించడానికి పెట్టినవి. కాబట్టి ఇక్కడ ఓటమి కంటే పట్టుదల, రాజకీయం కంటే సాహసం, జీతాల పట్టీ కంటే పతకాల పట్టీ ముందుంటాయి. ఆ దృష్టిని అర్థం చేసుకుని వెళితే ఫిర్యాదు చేయవలసినది ఏమీ ఉండదు. మిగతా సగం కథ కోసం మన దగ్గర రాష్ట్ర అభిలేఖాగారం ఉంది, పుస్తకాలు ఉన్నాయి. ఇంటి దగ్గరే కొంత చదువుకుని వెళ్ళమని నా సలహా.

పేర్ల మార్పు వరుస కూడా చదువుకుని వెళ్ళవలసినదే. 1902లో వైస్రాయి కర్జన్, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ మధ్య కుదిరిన ఒప్పందంతో బేరార్ ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు కింద బ్రిటిష్ వారికి పోయింది, కంటింజెంట్‌ను విడిగా ఉంచడం మాని భారత సైన్యంలో కలిపేశారు. 1903లో వాటికి కొత్త సంఖ్యలు వచ్చాయి: 94, 95 రస్సెల్ పటాలాలు, 96 బేరార్, 97 దక్కన్, 98, 99 అనే క్రమంలో. 1922లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ వంశమంతా 19వ హైదరాబాద్ రెజిమెంటుగా ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, రాణీఖేత్‌లోనే పుట్టిన కుమావోన్ రైఫిల్స్ కూడా ఆ తరువాత ఇందులో చేరింది. రానురాను సైనికుల్లో కుమావోనీలు, అహీర్లు, జాట్లు ఎక్కువయ్యారు. హైదరాబాద్ నుంచి వచ్చేవారు లేనప్పుడు ఆ పేరెందుకన్న ఆలోచన సాగి, 1945లో కుమావోన్ రెజిమెంటు అయింది. 1948లో కేంద్రం ఆగ్రా నుంచి రాణీఖేత్‌కు మారింది. పేరు పోయినందుకు బాధపడవలసినంత ఏమీ లేదు, మనవాళ్ళు అందులో ఉన్నదీ తక్కువే. అయినా హైదరాబాద్ అన్న మాట ఒకప్పుడు ఈ రెజిమెంటు పేరులో ఉండేవన్న ఎరుకతో ఆ గదుల్లో తిరగడం వేరే అనుభవం.

అక్కడున్న ఒక జవాను ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే హైదరాబాద్ అని చెప్పాను. తాను సికింద్రాబాద్‌లో, తిర్మలగిరి వైపు కొన్నాళ్ళు ఉన్నానని, అక్కడి ఎండ ఇంకా గుర్తుందని నవ్వుతూ హిందీలో చెప్పాడు. రెజిమెంటు పుట్టిల్లు అదేనని నేనంటే, “తెలుసు సాబ్, మాకు పాఠంలో చెప్తారు” అని పక్కకు తిరిగి, వెనుక వస్తున్న కుటుంబానికి దారి చూపించాడు.

స్వాతంత్ర్యానంతర భాగంలో అందరి దృష్టీ పడే పేరు మేజర్ సోమనాథ్ శర్మ. దేశంలో మొదటి పరమవీరచక్ర ఆయనదే. 1942లో ఆయన అధికారిగా చేరినది 19వ హైదరాబాద్ రెజిమెంటు 8వ బెటాలియన్‌లో. 1947 నవంబరు 3న శ్రీనగర్ విమానాశ్రయానికి సమీపంలోని బద్గాం దగ్గర 4వ కుమావోన్ డి కంపెనీని నడిపిస్తున్నప్పుడు ఆయన ఎడమచేయి హాకీ ఆటలో విరిగి పిండికట్టులో ఉంది. పాకిస్థాన్ వైపు నుంచి వచ్చిన, తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న దాడిదారులు మూడు వైపుల నుంచి కమ్ముకొస్తుంటే, ఆ చేయితో తుపాకీ పేల్చలేక, తేలికపాటి మెషిన్‌గన్లకు తూటాలు నింపి అందిస్తూ సైనికుల మధ్య తిరిగారు. మోర్టారు గుండు ఆయన పక్కన ఉన్న మందుగుండు మీద పడింది. ఆయనతో పాటు ఒక జేసీవో (జూనియర్ కమిషన్డ్ అధికారి), 20 మంది జవాన్లు ఆ రోజు మరణించారు. కానీ ఆ ఆలస్యమే విమానాశ్రయాన్ని, దానితో శ్రీనగర్‌ను కాపాడింది. రాణీఖేత్‌లో కవాతు మైదానానికి ఆయన పేరే పెట్టారు. ఇంకొక విశేషం ఏమిటంటే, పరమవీరచక్ర పతకాన్ని రూపొందించిన సావిత్రీ ఖనోల్కర్ పెద్ద కుమార్తెను చేసుకున్నది సోమనాథ్ శర్మ సోదరుడే.

ఈ రెజిమెంటుకు దక్కిన రెండవ పరమవీరచక్ర మేజర్ షైతాన్ సింగ్‌ది. 1962 నవంబరు 18న లద్దాఖ్‌లోని చుశూల్ సమీపాన, దాదాపు 5,000 మీటర్ల ఎత్తున ఉన్న రెజాంగ్ లా కనుమ దగ్గర 13వ కుమావోన్ సి కంపెనీ చేసిన పోరాటం గురించి ఎంత చెప్పినా తక్కువే. మధ్యలో ఉన్న ఒక గుట్ట అడ్డం రావడం వల్ల వెనుకనున్న మన ఫిరంగులు వారికి సాయపడలేకపోయాయి. చేతుల్లో ఉన్నవి ఎక్కువగా పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్ళు. హర్యానా ప్రాంతపు అహీర్లే దాదాపు అందరూ అయిన ఆ కంపెనీలో 114 మంది అక్కడే ఒరిగారు. మంచు కొంత తగ్గాక, 1963 ఫిబ్రవరిలో, ఒక గొర్రెల కాపరి చూసి చెప్పేవరకు ఆ దేహాలు కందకాల్లో అలాగే ఉండిపోయాయి. చాలామంది చేతుల్లో ఆయుధాలు ఇంకా పట్టుగానే ఉన్నాయి. 1962 గురించి ఓటమి అన్న ఒక్క మాటతో ముగించే అలవాటు మనకుంది. ఆ యుద్ధంలో చైనా వారి నుంచి వచ్చిన రైఫిళ్ళు కూడా ఇక్కడ ఉన్నాయి. వాటిని మన త్రీనాట్‌త్రీ పక్కన ఊహించుకుని చూస్తే, ఆనాటి జవాన్ల చేతికి మనం ఏమిచ్చి పంపామో ఎవరూ వివరించకుండానే తెలుస్తుంది.

లద్దాఖ్‌లోని సియాచిన్ హిమనదిని మన సైన్యం అధీనంలోకి తెచ్చుకున్న కథలో కూడా ఈ రెజిమెంటుదే తొలి అడుగు. 1984 ఏప్రిల్ 13న బిలాఫోండ్ లా దగ్గర హెలికాప్టర్ల నుంచి దిగిన మొదటి దళం 4వ కుమావోన్‌ది, దాన్ని నడిపినది కెప్టెన్ సంజయ్ కులకర్ణి. 19వ కుమావోన్ బెటాలియన్ అదే కాలంలో మంచులో కాలినడకన చేరింది. ఆ ఏడాది మే నెలలో హిమపాతంలో చిక్కుకున్న ఆ బెటాలియన్ లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలా దేహం 38 ఏళ్ళ తరువాత, 2022 ఆగస్టులో దొరికి ఇంటికి చేరింది. ఈ కొండల్లో ప్రతి ఊరికీ ఇలాంటి ఒక పేరు ఉంటుంది. అందుకే ఇక్కడికి వచ్చే స్థానికులు మ్యూజియాన్ని మనలా చూడరు, తమ ఇంటివారి ఫోటో ఎక్కడుందా అని చూస్తారు.

శ్రీలంకలో భారత సైన్యం జరిపిన ఆపరేషన్ పవన్‌లో ఎల్టీటీఈ నుంచి పట్టుకున్న పడవలు, సమాచార పరికరాలు పిల్లలను బాగా ఆకర్షిస్తాయి. సముద్రానికి ఇంత దూరంలో, హిమాలయాల్లో, పాక్ జలసంధి పడవ కనబడడం విచిత్రంగానే ఉంటుంది. నాకు మాత్రం అది పెద్దగా పట్టలేదు. ఆ యుద్ధం గురించి ఇంకా తీర్పు తేలని ప్రశ్నలు చాలా ఉన్నాయి, పడవ వాటికి జవాబు చెప్పదు. నాగా రెజిమెంటు విభాగాన్ని మాత్రం దాటి వెళ్ళిపోవద్దు. 1970లో మొదటి నాగా బెటాలియన్ పుట్టినప్పుడు దానికి కుమావోనీలతో పాటు ఈ కేంద్రమే ఆసరా అయింది. నాగా యోధుల దావ్ కత్తి, మిథున్ అనే ఈశాన్య ప్రాంతపు పశువు తల ఉన్న చిహ్నం కుమావోన్ సింహం పక్కన చూడడం బాగుంటుంది.

ఇక తెలుగువారు ప్రత్యేకంగా ఆగవలసిన చిత్రపటం జనరల్ శ్రీనగేశ్‌ది. ఈ రెజిమెంటు దేశానికి ముగ్గురు సైన్యాధ్యక్షులను ఇచ్చింది. 1955 నుంచి 1957 దాకా శ్రీనగేశ్, ఆయన వెంటనే 1961 వరకు తిమ్మయ్య, తరువాత 1975 నుంచి 1978 వరకు రైనా. తిమ్మయ్య రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మాలో 19వ హైదరాబాద్ రెజిమెంటు 8వ బెటాలియన్‌ను నడిపినవారు. సత్యవంత్ మల్లన్న శ్రీనగేశ్ కుటుంబానిది హైదరాబాద్, తండ్రి డాక్టర్ శ్రీనగేశ్ మల్లన్న నిజాం ఆస్థాన వైద్యుడు. హైదరాబాద్ పేరున్న రెజిమెంటులో పనిచేసి, స్వతంత్ర భారత సైన్యానికి అధిపతి అయి, విశ్రాంతి తీసుకున్నాక హైదరాబాద్ బెల్లా విస్టాలోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా, ఆ తరువాత 1962 నుంచి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. ఖైరతాబాద్ దాటి రాజ్‌భవన్ రోడ్డు మీద రోజూ వెళ్ళేవారిలో ఎంతమందికి ఆయన పేరు తెలుసో నేను చెప్పలేను. నా వరకు ఆ ఒక్క పటం కోసం కొండెక్కినా నష్టం లేదు.

ఇంత చరిత్ర ఉన్నా మ్యూజియం పెద్దది కాదు. శ్రద్ధగా చదువుతూ చూస్తే రెండు గంటలు చాలు. శుభ్రత, క్రమం సైన్యం వారి చోటులో ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. చరిత్ర మీద ఆసక్తి లేని పిల్లలు, పెద్దలు ముప్పావు గంటలో బయటపడతారు. అలాంటివారికి తుపాకులు, పడవలు, మంచు ప్రాంతపు దుస్తులు చూపించి, మిగిలినవారు నెమ్మదిగా రావడం మేలు. యుద్ధగౌరవాల పట్టికలు, పేర్ల మార్పుల వరుస సైనికేతరులకు ఒక్క చూపులో అర్థం కావు కాబట్టి, పైన చెప్పిన నాలుగైదు తేదీలు రాసిపెట్టుకుని వెళ్ళినా బాగా ఉపయోగపడతాయి. ఇది సైనిక ప్రాంగణం కాబట్టి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి, ఫోన్ బయటికి తీసేముందు అడగాలి, వేళలు, సెలవు దినాలు బస చేసిన హోటల్లో ఆ రోజే కనుక్కోవాలి. రెజిమెంటు కార్యక్రమాలు ఉన్నప్పుడు దారులు మూసివేస్తారు.

మ్యూజియంతో పాటు కలిపి చూడవలసినది రెజిమెంటు వారి శాలువాల, ట్వీడ్ వస్త్రాల కర్మాగారం. బ్రిటిష్ కాలపు పాత చర్చి భవనంలో మగ్గాలు పెట్టి, యుద్ధాల్లో భర్తలను కోల్పోయిన స్త్రీలకు పని కల్పించారు. ఎత్తైన కిటికీల వెలుగులో మగ్గాలు ఆడుతుంటాయి. పోచంపల్లి, గద్వాల మగ్గాలు చూసిన కళ్ళకు ఇక్కడి ఉన్ని నేత మోటుగా కనిపించవచ్చు కానీ, గట్టిదనం తాకితే తెలుస్తుంది. ధరలు మాల్ రోడ్డు దుకాణాల కంటే నమ్మదగినవిగా అనిపించాయి. బేరమాడే పని లేదు. కొనాలనుకుంటే ఇక్కడే కొనండి.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవారు ఢిల్లీ చేరి, అక్కడి నుంచి కాఠ్‌గోదాం వరకు రైలులో వెళ్ళడం అన్నిటికంటే తేలిక. కాఠ్‌గోదాం నుంచి రాణీఖేత్ దాదాపు 80 కిలోమీటర్లు, భవాలీ మీదుగా టాక్సీలో మూడు గంటల కొండదారి. ఆ దారిలోనే కైంచీ ధామ్ ఆశ్రమం ఉంది. శని, ఆదివారాల్లో, జూన్ 15న జరిగే వార్షికోత్సవం రోజుల్లో అక్కడ వాహనాలు గంటల తరబడి ఆగిపోతాయి కాబట్టి వారం మధ్యలో ప్రయాణం పెట్టుకోవడం మంచిది. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం తేటగా ఉండి శిఖరాలు కనిపిస్తాయి, రద్దీ తక్కువ. మ్యూజియాన్ని ఉదయమే చూసి, మగ్గాల దగ్గర కొంతసేపు ఆగినా, మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరితే రాత్రి ఢిల్లీ రైలు అందుతుంది.